విద్యుత్ గ్లైడరు: నిర్మాణము – విహారము

వేసవి మధ్యాహ్న వేళ మా కళాశాల ఆవరణలో నిలబడి తలయెత్తి చూస్తే ఒక దృశ్యం తరచుగా కంటబడుతుంది. గద్ద ఒకటి రెక్కలు చాచి, వాటిని ఒక్కసారి కూడా ఆడించకుండా, వలయాలుగా తిరుగుతూ పైపైకి పోతూ ఉంటుంది. మూడేళ్ల క్రితం పద్యపాఠం జరుగుతూ ఉండగా కిటికీ ప్రక్కన కూర్చున్న విద్యార్థి ఒకడు పాఠం వదలి దానినే చూస్తున్నాడు. మందలించబోయాము. "సార్, రెక్క కొట్టకుండా అది పైకెట్లా పోతోంది?" అని అతడు మమ్మే అడిగాడు. మేము తెలుగు బోధించేవారము. పక్షుల వర్ణనలు చెప్పగలము గాని ఆ ప్రశ్నకు మా వద్ద సమాధానం లేదు.

భౌతికశాస్త్ర శాఖలోని మిత్రుని ఆశ్రయించాము. ఆయన నల్లబల్లపై నాలుగు బాణాలు గీచి వివరించి, "చెబితే మరచిపోతారు, చేసి చూడండి" అన్నారు. ఆ మాటకు ఫలితంగా మా విజ్ఞాన మండలిలోని ఏడుగురు విద్యార్థులు, మేమిద్దరము అధ్యాపకులము కలిసి విద్యుత్తుతో పైకెక్కి, రేడియో తరంగాల ఆజ్ఞలకు లోబడి తిరిగే ఒక నమూనా గ్లైడరును నిర్మించాము. దాని నిర్మాణ క్రమాన్ని, విహార విధానాన్ని, ఆ పనిలో మేము చేసిన ఒక తప్పును ఈ వ్యాసంలో వివరించదలచాము.

గ్లైడరు అనగా నేమి?

ఇంజను బలం లేకుండా గాలిలో జారుతూ పయనించే విమానమే గ్లైడరు. నిశ్చలమైన గాలిలో అది ఎల్లప్పుడూ క్రిందికే దిగుతూ ఉంటుంది. వాలు మీద బండి తనంతట తానే దొర్లినట్లు, దాని బరువులోని ఒక అంశమే దానిని ముందుకు నడుపుతుంది. ఆ అంశమూ, గాలి కలిగించే నిరోధమూ సరిసమానమైనప్పుడు వేగం స్థిరపడుతుంది. కనుక గ్లైడరుకు ఎత్తే ఇంధనం. ఎత్తును కొద్దికొద్దిగా వెచ్చించి అది దూరాన్ని కొనుక్కుంటుంది. మా నమూనా సెకనుకు సుమారు 8 మీటర్ల వేగంతో పోతూ, 12 మీటర్లు ముందుకు సాగే లోపల 1 మీటరు దిగుతుంది. అనగా 100 మీటర్ల ఎత్తున విడిచిపెడితే 1,200 మీటర్లు పయనించి, 150 సెకన్లలో నేల చేరుతుంది.

మరి గద్ద పైకి పోతున్నదే? ఎండకు నేల అంతటా ఒకే విధంగా వేడెక్కదు. దున్నిన చేను, బండనేల, ఇళ్ల కప్పులు ఎక్కువ కాగుతాయి. వాటిపై గాలి వేడెక్కి, తేలికయై, స్తంభంలాగా పైకి లేస్తుంది. గద్ద కూడా ఆ గాలిలో క్రిందికే జారుతున్నది. అయితే గాలి అంతకంటె వేగంగా దానిని పైకి మోసుకుపోతున్నది. పైకి పోయే యంత్రపు మెట్లపై ఒక మనిషి నెమ్మదిగా దిగుతూ ఉన్నా పై అంతస్తుకే చేరినట్లు ఇది జరుగుతుంది. గద్ద వలయాలుగా తిరగడం ఆ స్తంభాన్ని విడిచి బయటపడకుండా ఉండటానికే.

గ్లైడరును మొదట ఎత్తుకు చేర్చడానికి పొడవైన తాడుతో లాగవచ్చు, రబ్బరు తీగతో విసరవచ్చు, కొండవాలు నుండి వదలవచ్చు. ఇవేవీ అందుబాటులో లేనివారికి విద్యుత్ మోటారు తగిన సాధనం. అది అర నిమిషం పనిచేసి ఆగిపోతుంది. అసలు విహారం మోటారు ఆగిన తరువాతనే ఆరంభమవుతుంది.

పూర్వుల ప్రయత్నాలు

తొమ్మిదవ శతాబ్దంలో స్పెయిన్ దేశపు కార్డోబాలో అబ్బాస్ ఇబ్న్ ఫిర్నాస్ అనే పండితుడు రెక్కలు కట్టుకొని కొంత దూరం గాలిలో సాగాడని, దిగేటప్పుడు దెబ్బతిన్నాడని పదిహేడవ శతాబ్దపు చరిత్రకారుడు అల్ మక్కరీ వ్రాశాడు. పక్షి దిగేటప్పుడు తోకను ఉపయోగిస్తుందని గమనించక, తోకను అమర్చుకోకపోవడమే ఆ దెబ్బకు కారణమని కూడా ఆయన చెప్పాడు. 1804లో ఇంగ్లండులో జార్జ్ కేలీ ఒక కర్రకు గాలిపటాన్ని రెక్కగా కట్టి, చివర కదిలించదగిన తోకను, ముందు భాగాన జరుపదగిన బరువును అమర్చి నమూనా గ్లైడరును ఎగురవేశాడు. రెక్క, తోక, బరువు అనే మూడింటి పొందికతో నేటి గ్లైడరు రూపం అక్కడనే ఏర్పడింది.

విద్యుత్తు ఈ రంగంలోకి చాలా ఆలస్యంగా వచ్చింది. 1957 జూన్ 30న ఇంగ్లండులో కర్నల్ టాప్లిన్ వెండి–జింకు బ్యాటరీతో నడిచే రేడియో నియంత్రిత నమూనాను ఎగురవేశాడు. అదే సంవత్సరం జర్మనీలో ఫ్రెడ్ మిలిట్కీ కూడా విద్యుత్ నమూనాను ఎగురవేశాడు. ఆ మిలిట్కీ కృషి వలననే 1973 అక్టోబరు 21న ఆస్ట్రియాలో ఒక మోటారు గ్లైడరు కేవలం విద్యుచ్ఛక్తితో మనిషిని మోసుకొని ఎగిరింది. ఆటవస్తువుగా ఎంచబడినది అసలు విమానానికి దారి చూపిందన్న సంగతి విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

కట్టుబడి

మా గ్లైడరు రెక్క ఈ కొన నుండి ఆ కొనకు 2 మీటర్లు. వెడల్పు అంతటా 18 సెంటీమీటర్లు. కనుక వైశాల్యం 36 చదరపు డెసిమీటర్లు. నడిమి 1 మీటరు భాగం చదునుగా ఉంటుంది. రెండు ప్రక్కల అర మీటరు భాగాలు కొనల వద్ద 10 సెంటీమీటర్లు పైకి లేచి ఉంటాయి. ఈ వంపు వలన గ్లైడరు ఒక ప్రక్కకు ఒరిగినా తనంతట తానే సర్దుకుంటుంది. నేర్చుకొనేవారికి ఇంతకంటె మేలైన రూపం లేదు. తోకలోని అడ్డపలక వైశాల్యం రెక్కలో ఎనిమిదవ వంతు. దాని వెనుక అంచున ఎలివేటరు, నిలువు పలక వెనుక అంచున రడ్డరు కదులుతాయి. ఎలివేటరు ముక్కును పైకి, క్రిందికి త్రిప్పుతుంది. రడ్డరు కుడియెడమలకు త్రిప్పుతుంది.

రెక్కలోని అడ్డుబిళ్లలకు బాల్సా కొయ్యను వాడాము. దక్షిణ అమెరికాలోని ఈక్వడార్ దేశం నుండి ప్రపంచానికంతకూ ఎగుమతి అయ్యే ఈ కొయ్య మిక్కిలి తేలిక, ఆ తేలికకు తగినదానికంటె ఎక్కువ గట్టిది. ఖరీదు కూడా ఎక్కువే గనుక రెక్క పొడవునా సాగే ప్రధాన కర్రలకు వెదురు బద్దలు వాడాలని మా విద్యార్థి ఒకడు సూచించాడు. అతడు తరతరాలుగా పతంగులు కట్టే ఇంటి బిడ్డ. వెదురును గణుపుల మధ్య చీల్చడం, బద్దను నూనె దీపంపై కాచి వంపు తీయడం, సరిగ్గా నడుమ మేకుపై నిలిపి ఏ సగం బరువో చూచి చాకుతో గీయడం అతనికి పుట్టుకతో వచ్చిన విద్యలు. మేము కొలబద్దతో కొలిచి తెలుసుకొన్నది అతడు వ్రేలితో తాకి చెప్పగలిగేవాడు. ఇంటి పనిని చదువుతో సంబంధం లేనిదిగా ఎంచుకొని ఎవరితోనూ చెప్పని ఆ విద్యార్థి ఆ నెలలో మా అందరికీ గురువైనాడు.

అన్నీ కూర్చిన తరువాత తూచి చూస్తే రెక్క 290 గ్రాములు, దేహము, తోక 230, మోటారు, పంఖా 100, వేగ నియంత్రకం 30, బ్యాటరీ 120, రేడియో గ్రాహకం, రెండు సర్వోలు 30. మొత్తం 800 గ్రాములు. చదరపు డెసిమీటరు రెక్కకు 22 గ్రాములు మాత్రమే పడుతున్నది. ఈ సంఖ్య ఎంత తక్కువైతే గ్లైడరు అంత నెమ్మదిగా ఎగురుతుంది.

విద్యుత్ సాధనాలు

లిథియం పాలిమర్ ఘటాలు మూడింటిని వరుసగా కలిపిన 11.1 వోల్టుల, 1,300 మిల్లీ ఆంపియర్–గంటల బ్యాటరీ మాది. బ్రష్షులు లేని మోటారు దాదాపు 16 ఆంపియర్లను తీసుకుంటుంది. వోల్టులను ఆంపియర్లతో హెచ్చిస్తే సుమారు 178 వాట్లు. 800 గ్రాముల నమూనాకు ఇది ధారాళం. బ్యాటరీలో అయిదింట నాలుగు వంతులే వాడుకొంటే మోటారు దాదాపు 4 నిమిషాలు నడుస్తుంది. ఒక్కొక్క ఆరోహణకు అర నిమిషం చొప్పున ఎనిమిది ఆరోహణలు. మోటారు ఆగగానే పంఖా రేకులు గాలి ఒత్తిడికి దేహం వెంట ముడుచుకుపోతాయి. లేనిచో అవి గాలికి అడ్డుపడి జారుడును చెడగొట్టగలవు.

ఈ బ్యాటరీల విషయంలో అజాగ్రత్త పనికిరాదు. ఒక్కొక్క ఘటాన్ని 4.2 వోల్టులకు మించి నింపరాదు. 3 వోల్టుల క్రిందికి దిగనీయరాదు. గ్రుచ్చుకొన్నా, ఉబ్బినా నిప్పు అంటుకొనవచ్చును. మా ప్రయోగశాలలో వీటిని ఇటుకల నడుమ ఉంచి, ఎవరో ఒకరు ప్రక్కనే కూర్చుని ఉండగా మాత్రమే నింపుతాము.

రేడియో ప్రేషకం 2.4 గిగాహెర్ట్జ్ పౌనఃపున్యంపై పనిచేస్తుంది. ముందు ప్రేషకాన్ని వెలిగించి, పిదప గ్లైడరుకు బ్యాటరీ తగిలించాలి. ముగించేటప్పుడు ముందు బ్యాటరీ తీసి, పిదప ప్రేషకాన్ని ఆర్పాలి. సంకేతం తెగిపోయినచో మోటారు దానంతటదే ఆగేటట్లు ముందుగానే అమర్చుకోవాలి.

గరిమనాభి

ఇక ఈ వ్యాసంలోని ముఖ్య విషయానికి వస్తున్నాము. రెక్క క్రింద రెండు వ్రేళ్లు ఆనించి గ్లైడరును ఎత్తినప్పుడు అది ఎక్కడ సమంగా నిలుస్తుందో అక్కడ దాని గరిమనాభి ఉన్నదన్నమాట. మా నమూనాకు అది రెక్క ముందంచు నుండి 6 సెంటీమీటర్ల దూరంలో, అనగా వెడల్పులో మూడవ వంతు వద్ద ఉండాలి. ముందుకు జరిగితే గ్లైడరు ముక్కు బరువై మందకొడిగా ఎగురుతుంది. వెనుకకు జరిగితే అసలు నిలకడనే కోల్పోతుంది. ముక్కు బరువైన గ్లైడరు బాగా ఎగరదు, తోక బరువైనది ఒక్కసారే ఎగురుతుందని ఈ విద్య తెలిసినవారు అంటారు.

తోక గరిమనాభికి 75 సెంటీమీటర్ల దూరాన ఉన్నది. ముక్కు 30 సెంటీమీటర్ల దూరానే ఉన్నది. త్రాసు సూత్రం ప్రకారం బరువును దూరంతో హెచ్చించాలి. తోకలో 30 గ్రాములు చేరితే, 30ని 75తో హెచ్చించి 30తో భాగించగా, ముక్కులో 75 గ్రాములు వేస్తే గాని సమం కాదు. వేయకపోతే గరిమనాభి దాదాపు 2.7 సెంటీమీటర్లు వెనుకకు జరిగి 8.7 వద్దకు చేరుతుంది. ఈ లెక్క పదవ తరగతి విద్యార్థి చేయగలిగినదే. దానిని చేయకపోవడమే మా తప్పు.

మేము చేసిన తప్పు

నిరుడు కళాశాల వార్షికోత్సవం నాడు గ్లైడరును ప్రదర్శించాలని నిశ్చయించాము. అంతకు ముందే అది నాలుగుసార్లు చక్కగా ఎగిరింది. ఉత్సవానికి ముందు రాత్రి బీరువా జరుపుతూ ఉండగా తోక విరిగింది. ప్లైవుడ్ ముక్కలు వేసి, జిగురు దట్టంగా పూసి, తెల్లవారేసరికి అతికించాము. పదకొండు గంటలకు అతిథులు మైదానానికి వచ్చారు.

పతంగుల ఇంటి విద్యార్థియే ఆనాడు ప్రేషకం పట్టినవాడు. అతడు గ్లైడరును వ్రేళ్లపై ఎత్తి చూచి, "సార్, తోక దిగుతోంది. ముక్కులో బరువు వేయాలి. అరగంట చాలు" అన్నాడు. ముఖ్య అతిథి గడియారం చూచుకుంటున్నారు. "నిన్న ఎగిరినది నేడు ఎగరదా, నాయనా? కానియ్యి" అన్నాము. అతడు మరొకసారి మా ముఖం వైపు చూచి, పెద్దల మాట కాదనలేక ప్రేషకం అందుకొన్నాడు.

చేతిని విడిచిన గ్లైడరు ముక్కు పైకెత్తి నిట్టనిలువుగా లేచింది. వేగం తగ్గి, రెక్క గాలిపై పట్టు తప్పింది. దీనినే స్టాల్ అంటారు. ముక్కు క్రిందికి వాలింది, మరల లేచింది, మరల వాలింది. మూడవసారి అది షామియానా వైపు తిరిగింది. ముందు వరుసలో చిన్నపిల్లలు కూర్చుని ఉన్నారు. ఆ విద్యార్థి మోటారు ఆపి, రడ్డరును పూర్తిగా ఒక ప్రక్కకు త్రిప్పి, దానిని నేలకు కొట్టివేశాడు. షామియానాకు అది నలభై అడుగుల దూరంలో పడింది. ఎవరికీ దెబ్బ తగలలేదు. రెక్క మూడు ముక్కలైంది.

"కుర్రవానికి చేతకాలేదు పాపం" అన్నారొకరు. కొందరు నవ్వారు. ఆ విద్యార్థి తల వంచుకొని ముక్కలు ఏరుకొన్నాడు. మేము ప్రక్కనే ఉన్నాము. అతడు చెప్పాడనీ, మేము వినలేదనీ ఒక్క మాట అనలేదు. నిజానికి పిల్లలను కాపాడినది అతని చేయి, వారిని ప్రమాదంలోకి నెట్టినది మా తొందర.

రెండు రోజుల తరువాత ప్రయోగశాలలో విరిగిన ముక్కలను తూచాము. తోకకు సరిగా 30 గ్రాములు చేరింది. పై లెక్కను ఆ విద్యార్థే నల్లబల్లపై చేసి చూపాడు. చేసి, మావైపు చూడకుండా సుద్దముక్క బల్లపై పెట్టాడు. అతనిని క్షమాపణ కోరాము. "ఫరవాలేదు సార్" అన్నాడు. కాని అతడు మాట పడినది నలుగురి ఎదుట. అందుచేత నలుగురూ చదివే ఈ సంచికలో ఈ సంగతి వ్రాయడం మా విధి అని భావించాము.

విహారం

నాటి నుండి మా మండలి ఒక నియమం పెట్టుకొన్నది. ఎగురవేసే ముందు గరిమనాభి, రెక్కల బిగువు, ఎలివేటరు, రడ్డరు కదిలే దిశలు, రేడియో దూరపరీక్ష, గాలి దిశ అనే వాటిని ఒకరు పైకి చదువుతారు, మరొకరు చూచి బదులిస్తారు. వారిలో ఎవరైనా "ఆగండి" అంటే, వారు మొదటి సంవత్సరం విద్యార్థులైనా సరే, కారణం అడగకుండా ఆగుతాము. మనుషులున్న వైపు ఎన్నడూ ఎగురవేయము. 2021లో వెలువడిన డ్రోన్ నిబంధనల పటంలో మా స్థలం ఆకుపచ్చ మండలంలో ఉన్నదని చూచుకొని, 400 అడుగుల ఎత్తు మించకుండా, గ్లైడరు ఎల్లప్పుడూ కంటికి కనబడేటట్లు ఎగురవేస్తాము.

కొత్త గ్లైడరు మొదట మోటారు లేకుండా పరీక్షింపబడాలి. గాలికి ఎదురుగా నిలిచి, ముక్కును కొద్దిగా క్రిందికి ఉంచి, బల్లెం విసరినట్లు తిన్నగా విడవాలి. ముక్కెత్తి పడిపోతే ముందు బరువు చాలలేదు; తొందరగా నేలకు దిగిపోతే ఎక్కువైంది. ప్రేషకం పట్టేవారు కంప్యూటరుపై కొన్ని వారాలు అభ్యాసం చేయడం మంచిది. గ్లైడరు మనవైపు వచ్చేటప్పుడు కుడియెడమలు తారుమారవుతాయి. అప్పుడు ఏ రెక్క క్రిందికి వాలిందో, ప్రేషకపు పుల్లను ఆ రెక్కకు ఊతమిస్తున్నట్లు అదే వైపుకు జరపాలి.

గత మార్చిలో ఎండిన చెరువు శిఖంలో కొత్త గ్లైడరును ఎగురవేశాము. ప్రేషకం ఆ విద్యార్థి చేతిలోనే ఉన్నది. ముందుగా అతడే వ్రేళ్లపై ఎత్తి చూచి, సమంగా ఉన్నదని చెప్పాడు. అర నిమిషంలో అది 100 మీటర్ల ఎత్తుకు చేరింది. మోటారు ఆగింది. పంఖా ముడుచుకొన్నది. ఆ మీదట ఏ చప్పుడూ లేదు. కొంతసేపటికి ఎడమ రెక్క ఎవరో క్రింద నుండి తట్టినట్లు పైకి లేచింది. వేడిగాలి ఆ వైపున ఉన్నదనడానికి అదే గుర్తు. అతడు గ్లైడరును ఎడమకు త్రిప్పి వలయాలు చుట్టసాగాడు. అది దిగడం మాని కొంచెం కొంచెం పైకి లేవసాగింది. ఎక్కడి నుండో ఒక గద్ద వచ్చి అదే వలయంలో తిరగసాగింది. మోటారు మరల వేయకుండానే గ్లైడరు పదకొండు నిమిషాలు గాలిలో ఉండి, శిఖంలో మా ముందే దిగింది.

రెక్క కొట్టకుండా అది పైకెట్లా పోతోందని మూడేళ్ల క్రితం అడిగిన విద్యార్థి ఇప్పుడు మా కళాశాలలో లేడు. పై చదువుకు వెళ్లాడు. అతనికి ఈ సంచిక ప్రతిని పంపుతున్నాము. అతని ప్రశ్న మాకు జవాబుతో పాటు మరొక పాఠం కూడా నేర్పింది. తరగతిలో మాట మాది కావచ్చు గాని, త్రాసు ముందు వయస్సుకు, పదవికి మినహాయింపు లేదు. చూచినదానిని చూచినట్లు చెప్పే విద్యార్థి మాటను ఆలకించడం గురువుకు చిన్నతనం కాదు.

వచ్చే విద్యా సంవత్సరంలో మా మండలి మరొక గ్లైడరును నిర్మించదలచింది. విద్యార్థులు, విద్యార్థినులు ఏ శాఖవారైనా, ఏ మాధ్యమంవారైనా చేరవచ్చును. ఇంట్లో వడ్రంగమో, కుట్టుపనియో, పతంగుల పనియో తెలిసినవారు ఆ సంగతి దాచక చెప్పవలసినదిగా కోరుతున్నాము. అట్టివారి అవసరం మాకు మిక్కిలి ఉన్నది.